పెళ్లి కుదిరిన పిల్లకి జబ్బు చేయకూడదా?

ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఇది. ఊరూ పేరూ తీసేసి తక్కినది ఇస్తున్నాను.

"డాక్టరుగారికి నమస్కారాలు. నా వయస్సు 24. ఉద్యోగం చేస్తున్నాను. తాంబూలాలు పుచ్చుకుని రెండు నెలలయింది. ముహూర్తానికి ఇంకా మూడు నెలలుంది. పొద్దున్న లేచేసరికే ఒళ్లు బరువుగా ఉంటుంది. రెండో అంతస్తు ఎక్కితే గుండె దడ. మధ్యాహ్నానికి తలనొప్పి. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. ఆదివారం వచ్చిందంటే బ్లౌజుల టైలరు దగ్గరకో, బంగారం కొట్టుకో, అత్తగారు చూడమన్న చీరలకో తిరగాలి. ఎవరు ఏమన్నా ముందు కోపం వస్తోంది, తర్వాత ఏడుపు వస్తోంది. ఆస్పత్రికి వెళదామంటే అమ్మ ఒప్పుకోదు. 'పెళ్లి హడావుడిలో అందరికీ ఉండేదే. ఇప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నావని వియ్యాలవారి చెవిన పడితే ఏమనుకుంటారు?' అంటుంది. దయచేసి నాకు ఏదైనా మంచి టానిక్కు రాయగలరు."

అమ్మా, టానిక్కు రాయను. ముందు సి.బి.పి. అనే రక్తపరీక్ష రాస్తాను. చిన్న గొట్టంలో కొద్దిగా రక్తం తీస్తారు, మామూలుగా సాయంత్రానికల్లా రిపోర్టు చేతికి వస్తుంది. ప్రభుత్వ ఆస్పత్రికి వెళితే పైసా ఖర్చు లేదు. మీరు రాసిన ఆయాసం, దడ, తలనొప్పి, జుట్టు రాలడం, ఆఖరికి ఆ చిరాకుతో సహా, అన్నీ ఒక్క రక్తహీనత వల్లనే రావచ్చు. రావచ్చు అంటున్నాను గాని, అదేనని అనడం లేదు. థైరాయిడ్ గ్రంథి మందగించినా ఇంచుమించు ఇవే లక్షణాలు ఉంటాయి, అందుకని అదే రక్తంతో టి.ఎస్.హెచ్. పరీక్ష కూడా చేయించండి.

మీ అమ్మగారి మాటలో సగం నిజం లేకపోలేదు. పెళ్లి హడావుడి నిజమే. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవబోతున్నాయంటే మా ఓ.పి.లో ఇలాంటి పిల్లలు కనబడతారు. సాధారణంగా మేనత్తో, పిన్నో తోడు వస్తుంది. "ఏమీ లేదండీ, కాస్త నీరసం. ముహూర్తానికి ముఖం కళగా ఉండేటట్టు ఒక బలం ఇంజక్షన్ ఇవ్వండి చాలు" అంటారు. ఒక అమ్మాయికి ముఖం నిజంగా కళగానే ఉంది. పార్లరులో చేయించిన మెరుగు అది. కంటి కింది రెప్ప లాగి చూస్తే మాత్రం సున్నం వేసిన గోడలా ఉంది. హిమోగ్లోబిన్ 6.8. ఆ అమ్మాయి అప్పటికి నెల రోజులుగా ఆఫీసు నుంచి రాగానే సంచీ పట్టుకుని శుభలేఖలు పంచడానికి తిరుగుతోంది. నీరసం అని అన్నప్పుడల్లా ఇంట్లో, "ఇప్పుడే ఇలా అంటే రేపు అత్తారింట్లో ఎలా చేస్తావే?" అన్నారట.

ఆడవాళ్లకి గర్భవతి కానప్పుడు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. 11 నుంచి 12 లోపు స్వల్పం, 8 నుంచి 11 లోపు మధ్యరకం, 8 కన్నా తక్కువైతే తీవ్రం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పెళ్లిపందిట్లో పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుంటే అయిదారుగురికి రక్తం చాలదన్నమాట. ఆ అయిదారుగురిలో పెళ్లికూతురు ఎందుకు ఉండకూడదు?

ప్రతి నెలా బహిష్టులో సుమారు 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. ప్రతి మిల్లీలీటరుతోనూ అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. అందువల్లనే హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి 2020 సిఫార్సులలో మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము అవసరమైతే, ఆడదానికి 29 అవసరమని ఉంది. మన ఇళ్లల్లో కంచంలో వడ్డించేటప్పుడు ఈ లెక్క తలకిందులవుతుందని నేను వేరే చెప్పనక్కరలేదు. బహిష్టు ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకొకసారి ప్యాడ్ మార్చుకోవలసి వచ్చినా, రూపాయి బిళ్లంత గడ్డలు పడినా, దానికి కారణం వెతికించాలి. అలా వెతికించకుండా ఎన్ని ఇనుము మాత్రలు వేసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

ఇంకొక గుర్తు. బియ్యం నములుతూ ఉండే పిల్లలుంటారు. బలపాలు, సుద్దముక్కలు, ఫ్రిజ్‌లో ఐసుగడ్డలు తినేవారూ ఉంటారు. బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని మన పెద్దవాళ్లు బెదిరిస్తారు. వాన సంగతి నాకు తెలియదు గాని, అలా తినే పిల్లకి ఒంట్లో ఇనుము తక్కువై ఉండే అవకాశం బాగా ఉంది. వెంటనే పరీక్ష చేయించండి.

ఇక పెళ్లి పనుల వల్ల ఈ లోటు ఎలా పెరుగుతుందో చూడండి. నిశ్చితార్థం ఫొటోల్లో లావుగా పడ్డానని పిల్ల రాత్రి భోజనం మానేస్తుంది. పొద్దున్న టిఫిను బదులు గ్రీన్ టీ. మధ్యాహ్నం చీరల కొట్టులో వాళ్లిచ్చిన కూల్‌డ్రింకు, సాయంత్రం ఇంటికొచ్చే చుట్టాలతో కలిసి రెండు కాఫీలు. టీ, కాఫీ, చివరికి ఆ గ్రీన్ టీ కూడా, తిన్న కాస్త అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వాటి జోలికి పోకూడదు. బరువు తగ్గాలని నిజంగా ఉంటే వారానికి అర కిలో చొప్పున తగ్గవచ్చు. దానికి పూట మానడం కాదు, నూనె, తీపి, వేపుళ్లు తగ్గించి నడవడం మార్గం. నెల రోజుల్లో పది కిలోలు తగ్గించే పొడులను నేను ఎవరికీ రాయను.

తిండిలో ఏముండాలి అని అడుగుతారు. తోటకూర, గోంగూర, సజ్జరొట్టె, నువ్వులు, పప్పులు, శనగలు. మాంసాహారులైతే కార్జం, మాంసం, చేపలు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా సులువుగా ఒంటపడుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, అన్నంలో ఉసిరికాయ పచ్చడి కలుపుకున్నా, పట్టే ఇనుము పెరుగుతుంది. బీట్‌రూట్ రసం ఎర్రగా ఉంటుంది గనుక రక్తం పడుతుందని ఒక నమ్మకం ఉంది. తాగితే తప్పులేదు గాని, రంగుకీ రక్తానికీ సంబంధం లేదు. హిమోగ్లోబిన్ తొమ్మిదికి వచ్చిన పిల్లకి తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావలసిందే.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రిపోర్టు చూసి రోజుకి ఎన్ని వేసుకోవాలో డాక్టరు చెబుతారు. నిమ్మరసంతో వేసుకోండి, కాఫీతో వద్దు, పాలతో వద్దు. క్యాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి. కడుపులో తిప్పితే మానేయకుండా డాక్టరుకు చెప్పండి. రోజు విడిచి రోజు వేసుకున్నా ఇనుము బాగానే పడుతుందని ఇటీవలి పరిశోధనలు చూపాయి. ముహూర్తం దగ్గరపడి రక్తం మరీ తక్కువగా ఉంటే, ఆస్పత్రిలో సెలైన్‌లో కలిపి ఎక్కించే ఇనుము మందు ఉంది. అది డాక్టరు సమక్షంలో జరగాలి. దారిలో కనబడిన క్లినిక్కులో వేయించుకునే "బలం ఇంజక్షన్" వేరు. అందులో చాలాసార్లు ఉండేది బి విటమిన్లు, సూది నొప్పి మాత్రమే.

నెల రోజులు సరిగా వేసుకున్నా హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగలేదంటే అక్కడ ఇంకేదో ఉంది. రిపోర్టులో ఎర్రకణాలు చిన్నవిగా ఉండి, ఇనుముకు లొంగకపోతే తలసేమియా వాహకమేమో చూడాలి. హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్షలో తెలుస్తుంది. వాహకం అంటే జబ్బు కాదు. ఆమె నూరేళ్లూ మామూలుగా బతుకుతుంది. అయితే భర్త కూడా వాహకమైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి అసలు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆ బిడ్డకి నెలనెలా రక్తం ఎక్కిస్తూ ఉండవలసి వస్తుంది. మేనరికం అయితే ఇద్దరూ వాహకాలు అయ్యే అవకాశం హెచ్చు. ఏజెన్సీ ప్రాంతాల వారు సికిల్‌సెల్ పరీక్ష కూడా తప్పకుండా చేయించుకోవాలి. జాతకాలు పదిచోట్ల చూపిస్తున్నాం. ఈ పరీక్షకు వరుడి రక్తం కూడా కాస్త అడిగితే అవమానం ఏముంది?

దీంతో అసలు విషయానికి వస్తున్నాను. పెళ్లి కుదిరాక పిల్ల ఒంట్లో బాగులేదంటే ఇంట్లోవాళ్లకి జబ్బు కన్నా వియ్యాలవారి భయమే ఎక్కువ. వాడుతున్న మందులు కూడా మాన్పిస్తారు. ఉబ్బసానికి పీల్చే మందు బ్యాగులో కనిపిస్తుందని తీసేస్తారు. థైరాయిడ్ మాత్ర దాచేస్తారు. నేను చూసిన వాటిలో మనసుకి ఎక్కువ కష్టం కలిగించింది మూర్ఛ జబ్బున్న ఒక అమ్మాయి. మాత్రలతో నాలుగేళ్లుగా ఒక్క ఫిట్టూ లేదు. తాంబూలాలు అయిన మర్నాడు మాత్రలు మానేసింది. ఎవరూ మానమని బలవంతం చేయలేదు. "ఇంకా ఎన్నాళ్లు వేసుకుంటావు?" అని మాత్రం అన్నారు. నెల తిరగకుండా శుభలేఖలివ్వడానికి వెళుతూ బస్సులో ఫిట్టు వచ్చి, సీటు కమ్మీకి తగిలి నుదురు చిట్లింది. ఎవరికి తెలియకూడదనుకున్నారో వారికి ఆ సాయంత్రమే తెలిసింది.

మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానకూడదు. అయితే పెళ్లికి ముందు డాక్టరును కలవవలసిన మాటా నిజమే, ఎందుకంటే వాటిలో వాల్‌ప్రోయేట్ వంటి మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. గర్భం రాకముందే దాన్ని మార్చే వీలుందేమో నరాల వైద్యుడు చూస్తారు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మూర్ఛ జబ్బును కారణంగా చూపి పెళ్లిని రద్దు చేయమనే వీలు హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 1999లో చట్టాన్ని సవరించి దాన్ని తీసేశారు. చెప్పి చేసుకుంటే చట్టం మీ వైపే ఉంది. దాచి చేసుకుంటే మాత్రం అత్తవారింట్లో మాత్ర వేసుకోవడానికి కూడా ఆ పిల్ల చాటు వెతుక్కోవాలి.

ఉత్తరాల్లో మరీ సిగ్గుపడుతూ రాసేది మూత్రం మంట గురించి. దీనికి కారణం చీరల ప్రయాణం. ధర్మవరమో, గద్వాలో, పొద్దున్న కారులో బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరతారు. దారిలో బాత్‌రూము దొరకదనో, కాబోయే ఆడపడుచు ముందు అడగడానికి మొహమాటపడో, ఆ పిల్ల పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగదు. వచ్చినా ఆపుకుంటుంది. రెండు రోజులకి మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం. కొందరిలో చలిజ్వరం, నడుముకి ఒక పక్క నొప్పి కూడా వస్తాయి. జ్వరమూ నడుమునొప్పీ వచ్చాయంటే అది మూత్రపిండాల దాకా పోయిందని అనుమానించాలి, ఆ రోజే ఆస్పత్రికి రావాలి. మంట మాత్రమే ఉంటే మూత్రపరీక్ష చేయించి, రాసిచ్చినన్ని రోజులూ మందు వాడాలి. మందులషాపులో రెండు మాత్రలు కొని, మంట తగ్గగానే మానేస్తే అది మళ్లీ ముహూర్తం నాటికే తిరిగొస్తుంది. బార్లీ నీళ్లు, మజ్జిగ మంచివే, కానీ అవి మందు కావు. చీరల కొట్లవారు పట్టుచీరలు పరవడానికి వేసిన తెల్లటి పరుపుల మీద పెట్టే శ్రద్ధలో కొంత బాత్‌రూముల మీద పెడితే మా ఓ.పి. కొంత పలచబడుతుంది.

బహిష్టు వాయిదా మాత్రల సంగతి ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతారు. మైల, ఆచారం మీ ఇంటి విషయం, నేను తలదూర్చను. సాధారణంగా ఇచ్చేది నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి మూడు. రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెడతారు, మానిన రెండు మూడు రోజులకి బహిష్టు వస్తుంది. ముహూర్తం రేపనగా పరుగెత్తుకుని వస్తే పనిచేయదు. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారూ, కాలేయం జబ్బున్నవారూ, కంటి ముందు మెరుపులతో వచ్చే పార్శ్వపునొప్పి ఉన్నవారూ దీన్ని సొంతంగా వాడకూడదు. పక్కింటి అమ్మాయి వాడింది కదా అని షాపులో అడిగి కొనకండి, నెల ముందే డాక్టరుకు చూపించండి. ముఖ్యమైన మాట, ఈ మాత్రలు గర్భం రాకుండా ఆపేవి కావు. అప్పుడే పిల్లలు వద్దనుకునేవారు ఆ సంగతి విడిగా అడగాలి. అన్నట్టు, పంచాంగం విప్పేముందు పిల్లని తేదీ ఒక్కమాట అడిగితే చాలా ఇళ్లల్లో ఈ మాత్ర అవసరమే రాదు.

తెల్లబడే క్రీముల గురించి క్లుప్తంగా. వారంలో రంగు తేల్చే క్రీములలో చాలావాటిలో బెటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్లు ఉంటాయి. కొన్నింటిలో పాదరసం కూడా దొరికింది. మొదటి నెల మెరుస్తుంది. ఆ తర్వాత మొటిమలు, పలచబడిన చర్మం, మీసం దగ్గర నూగు, ఎండలోకి వెళితే మంట. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు చర్మ వైద్యుడిని అడిగి క్రమంగా మానాలి. చేతులకు నల్లగా పండే "బ్లాక్ మెహందీ" వద్దు. అందులో కలిపే జుట్టురంగు రసాయనంతో చేతులు బొబ్బలెక్కవచ్చు. మామూలు గోరింటాకు చాలు.

నిద్ర. కాబోయే భర్తతో ఫోనులో కబుర్లు మానమంటే ఈ వయస్సులో నా మాట వినేవారు ఎవరూ లేరు. పదకొండుకు ముగించమని మాత్రం అడుగుతాను. ఏడు గంటలు నిద్ర లేనివారికి తలనొప్పి మాత్ర ఎంతకని పనిచేస్తుంది?

ఇక కోపమూ, ఏడుపూ. రక్తం పెరిగాక, నిద్ర కుదిరాక చాలావరకు తగ్గుతాయి. తగ్గకపోతే తల్లులు ఒక పని చేయాలి. పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి, వదినలూ అత్తలూ లేకుండా, అడగండి. పనులు ఎక్కువయ్యాయా, కట్నం మాటలు విని బాధపడుతోందా, ఈ సంబంధమే ఇష్టం లేదా. మూడో ప్రశ్న అడగడానికి గుండె దిటవు కావాలి. నా గదిలోకి పిల్లని ఒక్కదాన్నే రమ్మన్నప్పుడు తోడు వచ్చినవారు కినుక వహిస్తారు. అయినా నేను రమ్మంటాను. తలుపు వేశాక నీరసం సంగతి పక్కనపెట్టి మరొక మాట చెప్పిన పిల్లలు ఉన్నారు. రెండు వారాలకు మించి ఏడుపు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, బతకాలని లేదనడం ఉంటే అది హడావుడి కాదు, వైద్యం ఉన్న జబ్బు. టెలి మానస్ అని 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న ఫోను సేవ ఉంది, నంబరు 14416. ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

మూడు నెలల వ్యవధి ఉన్న మీవంటివారు ఇంకో రెండు పనులు చేసుకోవచ్చు. చిన్నప్పుడు రుబెల్లా టీకా పడిందో లేదో తెలియకపోతే ఇప్పుడు వేయించుకోండి. టీకా తర్వాత నెల రోజులు గర్భం రాకూడదు గనుక పెళ్లికి ముందు కాలమే దానికి అనువైనది. వెంటనే పిల్లలు కావాలనుకుంటే, గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అవసరం. మీకు ఎర్రమాత్ర రోజూ వేసుకోమని రాసిస్తే వేరే కొననక్కరలేదు, అందులోనే ఉంది.

సి.బి.పి. రేపే చేయించండి. మాత్రలు మొదలుపెట్టిన నాలుగు వారాలకి మళ్లీ చేయించండి. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మూడు నెలలు వేసుకుంటేనే ఒంట్లో ఇనుము నిలవ చేరుతుంది. అంటే సగం వైద్యం పుట్టింట్లో, సగం అత్తవారింట్లో. అందుచేత మీ అమ్మగారు సారె సర్దేటప్పుడు స్వీట్ల డబ్బాల పక్కన ఆ మాత్రలూ, రెండు రిపోర్టులూ కూడా పెట్టాలి. పైనే పెట్టమనండి, అడుగున కాదు.